మోకాళ్ల నొప్పికి ఏది మేలు: మాత్రలా, సూదులా, వ్యాయామమా, ఆపరేషనా?

మా అమ్మకు 64 ఏళ్లు. ఆరేళ్లుగా మోకాళ్ల నొప్పి. ఎక్స్‌రే చూసిన ప్రతి ఒక్కరూ "గుజ్జు అరిగిపోయిందమ్మా" అన్నారు, ఆ మాట చెవిన పడ్డప్పటినుంచి నడిస్తే ఇంకా అరిగిపోతుందన్న భయంతో ఆవిడ గుమ్మం దాటడం తగ్గించేసింది. ఈ ఆరేళ్లలో అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసింది ఆ భయమే. మాత్రల నుంచి ఆపరేషన్ సలహా దాకా అన్నీ చూశాం కాబట్టి ఏది ఎంతవరకు పనికొస్తుందో చెప్తాను.

ముందు మాత్రలు. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ లాంటివి త్వరగానే నొప్పి తగ్గిస్తాయి, అందులో అబద్ధం లేదు. పెళ్లికో ప్రయాణానికో డాక్టర్ని అడిగి రెండు రోజులు వేసుకోవడం వేరు, ఏళ్ల తరబడి రోజూ మింగడం వేరు. అలా మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. అమ్మకు బీపీ ఉంది, అయినా చీటీ లేకుండానే షాపులో పదేసి మాత్రలు ఇచ్చేవాళ్లు, మేమూ తెచ్చిపెట్టేవాళ్లం, రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువ వచ్చేదాకా. మోకాలికైతే అదే డైక్లోఫెనాక్ పూతమందుగా దొరుకుతుంది, చర్మం మీద రాస్తే రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది. ఏ చికిత్స ఎప్పుడు ఇవ్వాలో చెప్పే బ్రిటన్ సంస్థ నైస్ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ మోకాలికి మాత్ర కంటే ముందు పూతమందే చూడమంది, పారాసెటమాల్‌ని అలవాటుగా రాయొద్దంది. ఇక వావిలాకు కాపడం అంటారా, వెచ్చగా హాయిగా ఉంటుంది, పెట్టుకోండి. షుగర్ వల్ల కాళ్లు తిమ్మిరెక్కేవాళ్లు మాత్రం వేడి ఎంతుందో ఇంకొకరితో చూపించుకోండి, కాలినా తెలియదు. ఏం కలిపారో చెప్పని పొడులు, గుళికలు వద్దే వద్దు. కొన్నిట్లో స్టెరాయిడ్ కలుపుతారు, నొప్పి మాయమైపోయి కొన్నాళ్లకు ముఖం ఉబ్బుతుంది, షుగర్ ఎగబాకుతుంది.

సూదుల దగ్గర మేం డబ్బు పోగొట్టుకున్నాం. స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది, అంతే. 2017లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు ఈ సూది వేస్తే మందు లేని ఉప్పునీటి సూది వేసినవాళ్ల కంటే నొప్పేమీ ఎక్కువ తగ్గలేదు, పైగా మృదులాస్థి, అంటే మనం గుజ్జు అనేది, ఇంకాస్త ఎక్కువ పలచబడింది. కీలు సాఫీగా కదలాలని మోకాలిలోకి వేసే జెల్ సూదులు ఇవ్వొద్దని నైస్ తేల్చి చెప్పింది. మన రక్తమే తీసి, యంత్రంలో తిప్పి, మోకాలిలోకి ఎక్కించే పీఆర్‌పీ సూదిని 2021లో ఆస్ట్రేలియావాళ్లు 288 మందిలో ఉప్పునీటితో పోల్చి చూశారు, నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. "గుజ్జు మళ్లీ పెరుగుతుంది" అని మాతో చెప్పి జెల్ వేశారు. ఆ డబ్బుతో ఏడాదిపాటు ఫిజియోథెరపీ చేయించి ఉండొచ్చు.

నా మట్టుకు నాకు వ్యాయామానిదే మొదటి స్థానం. 2020లో అమెరికాలో 156 మంది మీద ఫిజియోథెరపీని, స్టెరాయిడ్ సూదిని పక్కపక్కన పెట్టి చూస్తే ఏడాది తిరిగేసరికి ఫిజియోథెరపీ చేసినవాళ్లకే నొప్పి తక్కువ, నడక మెరుగు. తొడ కండరం గట్టిపడితే కీలు మీద భారం తగ్గుతుంది, కారణం అంత మామూలుది. అమ్మకు ఫిజియో అమ్మాయి నేర్పింది కూడా మామూలుదే: మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు లెక్కపెట్టి వదలడం, పదిసార్లు, పూటకోసారి. మొదటి రెండు వారాలు "నొప్పి ఎక్కువైందిరా, మానేస్తా" అని గొడవ. కాస్త నొప్పి రావడం మామూలే, మర్నాటికి సర్దుకుంటే కొనసాగించొచ్చని ఆ అమ్మాయి ముందే చెప్పింది కాబట్టి ఆపలేదు. తేడా తెలియడానికి రెండు నెలలు పట్టింది, చాలామంది ఆలోపే వదిలేస్తారు. బరువు సంగతీ ఇందులోదే, ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. చేతికర్ర కూడా నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేత్తో పట్టుకోవాలి, మేం ఏడాదిపాటు తప్పు చేత్తోనే పట్టించాం.

ఆపరేషన్‌ని నేను తీసిపారేయను. రాత్రి నొప్పికి నిద్ర పట్టక, బాత్రూమ్ దాకా నడవడమే కష్టమై, మిగతావన్నీ నిజంగా చేసి చూసినా తగ్గకపోతే భయపడి వాయిదా వేయొద్దు. పూర్తిగా మార్చిన మోకాళ్లలో దాదాపు 82 శాతం పాతికేళ్లు నిలుస్తాయని 2019లో వచ్చిన లెక్క. కానీ చేయించుకున్నవాళ్లలో సుమారు అయిదుగురికి ఒకరు సంతృప్తిగా లేరు. 2017లో కేంద్రం కోబాల్ట్ క్రోమియం అనే లోహంతో చేసిన మోకాలి ఇంప్లాంట్‌కి, అంటే లోపల అమర్చే కృత్రిమ కీలుకి, జీఎస్టీ కాకుండా 54,720 రూపాయల గరిష్ట ధర పెట్టింది, బిల్లులో ఇంప్లాంట్‌కి ఎంత, ఆస్పత్రి ఖర్చు ఎంత అని విడివిడిగా అడగండి. ఆపరేషన్ అయ్యాక కూడా చేయాల్సింది ఫిజియోథెరపీనే, దాన్ని తప్పించుకునే దారి లేదు.

ఇదంతా అరుగుదల నొప్పికి. పొద్దున లేవగానే గంటకు పైగా కీళ్లు బిగుసుకుపోతున్నా, వేళ్ల కణుపులు వాస్తున్నా అది వేరే జబ్బు కావచ్చు, కీళ్లవాతం చూసే డాక్టరుకి, అంటే రుమటాలజిస్టుకి చూపించండి. జ్వరంతో పాటు మోకాలు ఎర్రగా వేడిగా వాచిపోతే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అమ్మ ఇప్పుడు పూతమందు, వ్యాయామం మీదే ఉంది. నొప్పి పూర్తిగా పోలేదు. నిన్న సాయంత్రం మాత్రం కూరగాయల బండి దాకా తనే వెళ్లి గోంగూర కట్టలు తెచ్చుకుంది.