పోటూ పాటూ లేని నీళ్ళలో నా గాలం

రూ.6,010. నలుగురం ఒక్క రాత్రి ఉండి, ఒక కుంట గట్టు మీద నాలుగు గంటలు కూర్చున్నందుకు కట్టిన బిల్లు అది. ఆ కాగితం ఇంకా నా పర్సులోనే ఉంది. బదిలీ మీద కొత్త జిల్లాకి వచ్చి, చేపలు ఎక్కడ పడతాయో తెలియక తిరిగే వాళ్ళు మాలాగా మోసపోకూడదని ఇది రాస్తున్నాను. ఇక్కడి నిలవ నీళ్ళ తీరు నాకు ఓపిగ్గా చెప్పిన ఒక పెద్దాయన గురించి కూడా చెప్పాలి. నిజానికి ఆయన కోసమే ఎక్కువ రాస్తున్నాను.

మాది కోనసీమ. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది, దానికి కాస్త ఎగువన మా ఊరు. గాలం వెయ్యడం మా నాన్నగారు నేర్పారు. అక్కడ అంతా పోటు, పాటు లెక్కే. సముద్రం నీళ్ళు ఎక్కితే పోటు, దిగితే పాటు. పోటు ఎక్కుతుంటే పండుగప్ప చేపలు కాలవల్లోకి వస్తాయి. పాటు తీస్తుంటే చిన్న చేప నీళ్ళతో పాటు బయటికి కొట్టుకొస్తుంది, దాని కోసం పెద్ద చేప కాలవ మొగలో కాపు కాస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు గట్టిగా లాగుతాయి, అష్టమి నవములకి మందంగా ఉంటాయి. క్యాలెండర్‌లో తిథి చూస్తే ఎప్పుడు వెళ్ళాలో, ఎక్కడ కూర్చోవాలో సగం తేలిపోయేది. జూన్‌లో నల్గొండకి బదిలీ అయింది. సామానంతా లారీలో పంపించి, రాడ్లు మాత్రం కారులో నాతోనే తెచ్చుకున్నాను.

ఇక్కడ మొదటి రెండు నెలలు నీళ్ళు చూడటంతోనే సరిపోయింది. పానగల్లు పక్కన ఉదయసముద్రం మా ఇంటికి దగ్గరే. ఆఫీసు అయ్యాక వెళ్ళి గట్టు మీద నడిచేవాణ్ణి. కృష్ణ నీళ్ళు సాగర్ నుంచి ఎత్తిపోస్తే ఇక్కడికి చేరతాయి. సాయంత్రాలు చాలా అందంగా ఉంటుంది, కానీ అది తాగునీళ్ళ చెరువు, అక్కడ గాలం వెయ్యాలని నాకు అనిపించలేదు. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. తెలంగాణలో ఊరి చెరువు కనిపించింది కదా అని కూర్చోకండి. చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. వాళ్ళు పిల్ల వేసి, పెంచి, పట్టుకుని అమ్ముకుని బతుకుతారు. అడగకుండా గాలం వేస్తే అది దొంగతనమే. అడిగితే చాలా చోట్ల, ఒక్క గాలం, గట్టు మీద కూర్చుంటాను, పట్టినదానికి డబ్బు ఇస్తాను అంటే ఒప్పుకున్నారు. ఒక ఊళ్ళో ఒప్పుకోలేదు. దండం పెట్టి వచ్చేశాను.

సెప్టెంబర్‌లో డిండి వెళ్ళాం. మా కోనసీమలోనూ ఒక దిండి ఉంది. రాజోలు దగ్గర, గోదావరి ఒడ్డున, కొబ్బరిచెట్ల మధ్య. నా భార్య పుట్టిల్లు అటువైపే. పేరు వినగానే తను ఎంత సంబరపడిందో! తీరా చూస్తే ఇది నిజాం కాలంలో డిండి వాగు మీద కట్టిన ప్రాజెక్టు, శ్రీశైలం రోడ్డు పక్కనే. చుట్టూ గుట్టలు, ఎర్రమట్టి, రాళ్ళు. ఒక్క కొబ్బరిచెట్టు లేదు. అలుగు దగ్గర జనం ఫొటోలు తీసుకుంటున్నారు. ఆవిడ కారు దిగి ఐదు నిమిషాలు నిలబడి, మళ్ళీ ఎక్కి కూర్చుంది. ఆ రోజు అరచెయ్యంత జిలేబీ చేపలు నాలుగు పడ్డాయి. డీజిల్ రూ.1,400.

అప్పుడు మా బామ్మర్ది హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. హైదరాబాద్‌కి వెళ్ళే దారిలోనే ఒక ఫామ్ స్టే ఉందనీ, చేపల కుంట కూడా ఉందనీ, ఫిషింగ్ గది అద్దెలోనే కలిసి ఉంటుందనీ చెప్పాడు. నేనూ ఫోన్ చేసి అడిగాను. "అన్నీ ఇన్‌క్లూడెడ్ సార్, రూమ్ మూడున్నర వేలు, రెండు వేలు అడ్వాన్స్ వెయ్యండి" అన్నారు. వేశాను. దసరా సెలవులు, మా అబ్బాయికి పదకొండేళ్ళు, వాడు ఇంతవరకూ ఒక్క చేపా సొంతంగా పట్టలేదు. ఈసారి ఎలాగైనా వాడి చేత పట్టించాలని నాకు పట్టుదల.

గేటు దగ్గరే మనిషికి రూ.200 అన్నారు. నలుగురికి ఎనిమిది వందలు. రూమ్ తీసుకున్నాం కదా అంటే అది వేరే, ఇది వేరే అన్నారు. లోపలికి వెళ్ళాక మా రాడ్లు వాడకూడదట, వాళ్ళవే అద్దెకి తీసుకోవాలట, ఒక్కోటి రూ.300. రీలు తిప్పితే కరకరమంటోంది, దారం కుళ్ళిపోయి ఉంది. నేను ముడి వేసి లాగితే చేతిలోనే తెగింది. ఎరకి రూ.150. ఆ ఎర ఏమిటంటే ఒక కవర్లో మైదాపిండి ముద్ద.

గది సంగతి. గోడల నిండా చెమ్మ, మంచం కిందనుంచి ముక్కిన వాసన. గీజరు పని చెయ్యదు. బోరు నీళ్ళు తుప్పు రంగులో వచ్చాయి. దుప్పట్లు మార్చమని మూడుసార్లు అడిగితే రాత్రి పదింటికి ఒకటి తెచ్చారు. నా భార్య తన చీర పరిచి పిల్లాణ్ణి దాని మీద పడుకోబెట్టింది. తను ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

పొద్దున్నే ఆరింటికి కుంట దగ్గర కూర్చున్నాం. ఏడున్నర దాకా దారానికి కట్టి నీళ్ళ మీద తేలే బెండు కదల్లేదు. చేపలు ఉన్నాయి, అక్కడక్కడా నీళ్ళ మీద మూతులు తేలుతున్నాయి, కానీ ఎర ముట్టుకోవడం లేదు. అక్కడ ఊడ్చే కుర్రాడు పక్కకి వచ్చి మెల్లగా చెప్పాడు: "సార్, పొద్దుగాల ఐదింటికే బస్తా దాణా ఏసిన్రు. కడుపు నిండినంక యాడ తింటయ్?" గెస్టులు కూర్చునే రోజున ఐదింటికే దాణా వెయ్యడం కావాలని చేసిన పని అని నేను నమ్ముతున్నాను. పెద్ద చేపలు పడకూడదు, అద్దె మాత్రం రావాలి.

పది దాటాక మావాడి బెండు మునిగింది. చిన్న జిలేబీ, పావుకిలో కూడా లేదు. వాడి మొహం చూడాలి! రెండు చేతులతో పట్టుకుని అమ్మకి చూపించి, "నాన్నా, దీన్ని వదిలేద్దామా" అన్నాడు. నేను సరే అన్నాను. మేనేజర్ గట్టు మీదనుంచే అరిచాడు. పట్టిన ప్రతి చేపా కొనాల్సిందేనట, కిలో రూ.400, వదలడానికి వీల్లేదట. వచ్చి పిల్లాడి చేతిలోంచి చేపని లాక్కుని ప్లాస్టిక్ బకెట్లో పడేశాడు. నీళ్ళు లేని బకెట్లో. అది టపటపా కొట్టుకుంటుంటే మావాడు అక్కడే నిలబడి ఏడ్చాడు. మొదటి చేప అలా గుర్తుండిపోవాలా? ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మొత్తం నాలుగు చేపలు. వాళ్ళ కాటాలో రెండు కిలోలు. నా పెట్టెలో వేలాడదీసి తూచే చిన్న డిజిటల్ కాటా ఉంటుంది, దాంట్లో కిలో 450 గ్రాములు. చూపించాను. "మీ కాటా మాకొద్దు, ఇష్టమైతే కట్టండి, లేకపోతే అడ్వాన్స్ మర్చిపోండి" అన్నాడు. మా బామ్మర్ది చొక్కా చేతులు మడిచాడు, నేను ఆపాను. గది 3,500, గేటు 800, రాడ్లు 600, ఎర 150, చేపలు 800, కోసి ఇచ్చినందుకు 160. కట్టి వచ్చేశాం. కారులో గంటసేపు ఎవరం మాట్లాడలేదు. తను తెచ్చిన సలహా ఇలా అయ్యిందని బామ్మర్ది మొహం చిన్నబోయింది.

ఇలాంటి చోటికి వెళ్ళే ముందు నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు ఫోన్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. గేటుకి వేరే డబ్బుందా, సొంత రాడ్ వాడొచ్చా, చేపని వదలొచ్చా, కిలో ఎంత. ఒక్కదానికి జవాబు దాటేసినా వెళ్ళకండి.

ఇంకో నాలుగు రోజులు సెలవు మిగిలి ఉంది. నేనైతే ఇంట్లోనే ఉండిపోయేవాణ్ణి. నా భార్యే అంది, "మీ ఆఫీసులో ఎవరో వైజాగ్ కాలనీ అన్నారుగా, అక్కడికి వెళ్దామండీ. వాడి మనసులోంచి ఆ బకెట్ పోవాలి."

వైజాగ్ కాలనీ అంటే విశాఖపట్నంలో అనుకునేరు. నల్గొండ జిల్లాలోనే, దేవరకొండ దాటాక, నాగార్జునసాగర్ వెనక నీళ్ళ ఒడ్డున ఉంది. సాగర్ డ్యామ్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ పనుల కోసం విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు, పని అయ్యాక చేపలు పట్టుకుంటూ ఇక్కడే ఉండిపోయాయి. ముందురోజు రాత్రి దేవరకొండలో లాడ్జిలో దిగాం, రూ.1,100, శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్ళు వచ్చాయి. చీకటితోనే బయల్దేరి తెల్లారేసరికి ఒడ్డుకి చేరాం.

కనుచూపు మేర నీళ్ళే. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, మేము వెళ్ళేసరికి దాదాపు నిండింది. నిన్నటిదాకా గడ్డి ఉన్న నేల మీదికి నీళ్ళు ఎక్కి, తుమ్మచెట్ల కొమ్మలు మాత్రం పైకి తేలి ఉన్నాయి. గాలి వీపుకి తగిలేలా, ఎండ కళ్ళలో పడకుండా ఒక చక్కటి చోటు చూసుకుని కూర్చున్నాను. రెండు గంటలు. ఒక్కటీ ముట్టలేదు.

వల విదిలించుకుంటున్న పెద్దాయన ఒకాయన చూసి చూసి దగ్గరికొచ్చారు. డెబ్భై దాటి ఉంటాయి. "ఏటి బాబూ, ఎక్కడ్నుంచొచ్చినారు?" అన్నారు. ఆ యాస విని నా భార్య కారులోంచి దిగి వచ్చేసింది. కోనసీమ అని చెప్పగానే ఆయన నవ్వి, "అయితే మీరు పోటు నీళ్ళోళ్ళు. అందుకే ఇక్కడ కూకున్నారు. ఇక్కడ పోటూ లేదు, పాటూ లేదు బాబూ. గాలే మనకి పోటు" అన్నారు.

ఆయన చెప్పింది ఇది. ఇంత పెద్ద నిలవ నీళ్ళలో లాగుడు ఉండదు కాబట్టి మేతని కదిలించేది గాలి ఒక్కటే. గాలి ఏ ఒడ్డుకి కొడుతుంటే పైన తేలే మేతంతా ఆ ఒడ్డుకి చేరుతుంది, దాని వెనక బొచ్చె చేప వస్తుంది. నేను కూర్చున్నది గాలి మొదలయ్యే ఒడ్డు. అక్కడి మేత పొద్దుటి నుంచే అవతలికి కొట్టుకుపోయింది. రెండో తప్పు, ఎర అడుక్కి దించడం. బొచ్చె మూతి పైకి తిరిగి ఉంటుంది, అది పైపొరలో తినే చేప. అడుగున బురదలో వెతుక్కునేది మ్రిగాల. మా గోదావరి మొగలో ఎర అడుగునే ఉండాలి, ఆ అలవాటే నా చేతికి ఉండిపోయింది.

ఎదుటి ఒడ్డుకి పడవలో తీసుకెళ్ళారు. రెండు గంటలకి రూ.500. పడవలో లైఫ్ జాకెట్లు రెండే ఉంటే అవి నా భార్యకీ పిల్లాడికీ వేశారు. మీరు వెళ్తే మీ జాకెట్లు మీరు తీసుకెళ్ళండి, ఇందులో మొహమాటం వద్దు. అడవి వైపు ఒడ్డున దిగుదాం అనుకోకండి, ఆ చుట్టుపక్కల అమ్రాబాద్ పులుల అడవి ఉంది, అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు.

వేరుశనగ చెక్క నానబెట్టి, తవుడూ గోధుమపిండీ కలిపి ఆయనే ముద్ద చేశారు. గట్టిగా పిసకలేదు. నీళ్ళలో పడగానే పొగలాగా విడిపోవాలి, చేప ఆ పొగని పీలుస్తూ వచ్చి గాలాన్ని పీల్చాలి. బెండు నుంచి నాలుగు అడుగుల లోతు. గాలి మొహానికి కొడుతోంది, అలలు రాళ్ళకి తగులుతున్నాయి, కూర్చోవడానికి ఏ మాత్రం సుఖం లేని చోటు. ఇరవై నిమిషాలకి బెండు మునగలేదు, పక్కకి పడుకుంది. పైకి తీసుకునే చేప బెండుని అలా పడుకోబెడుతుందట. "లాగు బాబూ!" అన్నారు. లాగాను. పావుగంట పోరాడింది. నా కాటాలో 4 కిలోల 200 గ్రాముల బొచ్చె. నల్గొండ వచ్చాక నాలుగు నెలలకి పడిన మొదటి మంచి చేప.

తర్వాత రాడ్ పిల్లాడికి ఇచ్చేశాను. వాడికి ఒంటిగంటకి రోహు పడింది, అరకిలో పైన ఉంటుంది. వాడు మా వంక చూడలేదు, తాతగారి వంక చూశాడు. "వదిలేత్తావా? వదిలెయ్. నీళ్ళలో పెట్టి, నడుం పట్టుకుని ఉంచు, అదే పోద్ది" అన్నారు. వాడు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చాలాసేపు పట్టుకున్నాడు. అది తోక ఆడించి వెళ్ళిపోయింది. నా భార్య ఫొటో తియ్యడం కూడా మర్చిపోయి చూస్తూ ఉండిపోయింది.

ఒడ్డు మీద వాళ్ళ ఇంటివాళ్ళే మా బొచ్చెలో సగం వేయించి ఇచ్చారు. నూనె, మసాలా, కట్టెలు అన్నీ కలిపి రూ.250. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, అంతే. పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంది. డిండిలో కారు దిగి మళ్ళీ ఎక్కిన మనిషి ఇక్కడ రెండోసారి అడిగి పెట్టించుకుంది. నేర్పినందుకు వెయ్యి రూపాయలు ఇవ్వబోతే పెద్దాయన పడవ డబ్బు ఐదు వందలే తీసుకుని మిగతాది నా జేబులో పెట్టేశారు. బలవంతం చేస్తే కోపం వచ్చేలా ఉంది, ఊరుకున్నాను. మిగిలిన సగం చేప ఆయన ఇంట్లోనే ఇచ్చి వచ్చాం.

బయల్దేరేటప్పుడు ఒక మాట అన్నారు. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు బాగా దిగిపోతాయట, ఇప్పుడు మేము కూర్చున్న చోటు నుంచి చాలా దూరం నడిస్తే గానీ తడి తగలదట. అప్పుడు రాడ్ లేకుండా రమ్మన్నారు. మునిగిన రాళ్ళు, మొద్దులు, పాత వాగు దారి అన్నీ బయటపడి ఉంటాయి, నడుస్తూ చూపిస్తాను, ఫోన్‌లో ఫొటోలు తీసుకో, మళ్ళీ నీళ్ళొచ్చాక ఎక్కడ వెయ్యాలో నీకే తెలుస్తుంది అన్నారు. మావాడు కారులో కూర్చోగానే నా ఫోన్ తీసుకుని మే నెల మొదటి ఆదివారం మీద గుర్తు పెట్టాడు.