పాత్స్ ఆఫ్ గ్లోరీ: ఏళ్లుగా ఆడుతున్నవాడి మాట, ముఖ్యంగా నియమాల గురించి

మొదటి ప్రపంచ యుద్ధం మీద వచ్చిన బోర్డు ఆటల్లో పాత్స్ ఆఫ్ గ్లోరీకి పెద్ద పేరుంది. టెడ్ రేసర్ రూపొందించిన ఈ ఆట 1999లో వచ్చింది. ఆడేది ఇద్దరు: ఒకరు మిత్రరాజ్యాల వైపు, మరొకరు జర్మనీ కూటమి వైపు. పటం మీది బిళ్ళలే దళాలు, కార్డులు ఆడుతూ వాటిని నడపాలి. 1914 ఆగస్టులో మొదలై, పూర్తిగా సాగితే 20 వంతులు. హనుమకొండలో మా మేడ మీది గదిలో ఇది ఏళ్లుగా పరిచే ఉంది. ఆట గొప్పదని చాలామంది చెప్పారు, నేనూ ఒప్పుకుంటాను. అయితే మా బల్ల దగ్గర ఫ్రాన్సులోని వెర్డన్ కోట కోసం జరిగిన పోరు కన్నా నియమాల కోసం జరిగిన పోరే ఎక్కువ. కొనాలనుకునేవారికి పనికొచ్చేది ఆ సంగతే.

నాతో ఆడేది మా వీధిలోనే ఉండే రిటైర్డ్ చరిత్ర లెక్చరర్. సారుకు ఈ యుద్ధం కంఠతా వచ్చు. చిక్కంతా అక్కడే. నియమాల పుస్తకంలో ఒక వాక్యం పొడిగా కనిపిస్తే చాలు, మిగతాది చరిత్రతో పూరిస్తారు. ఈ ఆటలో అలా పూరిస్తే తొంభై పాళ్లు తప్పే అవుతుంది.

అన్నిటికన్నా ముందు గొడవ పెట్టేది సరఫరా నియమం. సరఫరా దారి, అంటే తిండీ గుండ్లూ వచ్చే దారి, తెగిన దళం కదలలేదు, దాడి చేయలేదు. వంతు ముగిసేసరికి కూడా దారి దొరక్కపోతే ఆ దళం పోతుంది. అది ఆర్మీ (ఆటలో పెద్ద దళం; చిన్నదాన్ని కోర్ అంటారు) అయితే మళ్లీ కొత్త మనుషులతో నింపి నిలబెట్టడానికి వీల్లేదు, ఆటలోంచే శాశ్వతంగా వెళ్లిపోతుంది. "చుట్టుముట్టినంత మాత్రాన లక్షమంది ఆవిరైపోతారా ఏమయ్యా?" అని సారు పటం మీంచి చెయ్యి తియ్యలేదు. మొదటి రెండు వంతులు ఒక్కో నెలే కానీ, 1914 శరదృతువు నుంచి ఒక్కో వంతు ఒక ఋతువు. అంటే గుండ్లు లేకుండా, తిండి లేకుండా సుమారు మూడు నెలలు. "టానెన్‌బర్గ్‌లో అన్ని రోజులు కూడా పట్టలేదు కదా సార్" అన్నాను. అక్కడ జర్మన్లు చుట్టుముట్టిన రష్యా సేనాని సామ్సనోవ్ సైన్యంలో దాదాపు 92,000 మంది బందీలయ్యారని నాకు చెప్పింది ఆయనే. చెయ్యి తీశారు. అప్పటినుంచి ప్రతి కార్డు ఆడేముందు ఇద్దరమూ సరఫరా దారులను వేలితో గీసి చూసుకుంటాం. ఈ అలవాటు లేనివారు ఒక్క కోర్ సందు చూసుకుని వెనక్కి దూరినా ఫ్రంటు ఫ్రంటంతా పోగొట్టుకుంటారు.

రెండోది నష్టాల లెక్క. ఇక్కడ పుస్తకం స్పష్టంగానే ఉంది, తొందరపడేది మనం. పోరులో ఇరుపక్షాల పాచికలూ నష్టసంఖ్యను ఇస్తాయి. ఆ సంఖ్యను దాటకుండా, వీలైనంత దగ్గరగా నష్టపోవాలి. ఉదాహరణకు ఒక చోట నిండు ఫ్రెంచి ఆర్మీ ఒకటి, నిండు కోర్ ఒకటి ఉన్నాయి. నష్టం 5 పడింది. ఆర్మీ బిళ్ళను తగ్గిన బలం చూపే వెనకవైపుకు తిప్పితే 3 తీరుతుంది. ఇంకా 2 మిగిలింది. బలం తగ్గిన ఆర్మీని తీసేయాలంటే మరో 3 కావాలి, అది కుదరదు. "అయితే ఆ రెండూ మాఫీ" అని బిళ్ళ వదిలేసేవారు చాలామంది. మాఫీ లేదు. కోర్‌ను తిప్పితే 1, తీసేస్తే ఇంకొకటి, మొత్తం 5. కోర్ చచ్చినట్టు పోవాల్సిందే. అందుకే అనుభవమున్నవాళ్లు ఏ చోట ఏ దళాలను కలిపి పెట్టాలన్నది పాచిక పడకముందే ఆలోచిస్తారు.

దీనికి అనుబంధంగా ఒక వాక్యం ఉంది. దాన్ని పెద్ద అక్షరాల్లో వేయాల్సింది. ఆర్మీ పూర్తిగా దెబ్బతిన్నప్పుడు దాని స్థానంలో, అదనపు దళాలు ఉంచే రిజర్వు పెట్టెలోంచి అదే దేశపు కోర్ రావాలి. పెట్టెలో అలాంటి కోర్ లేకపోతే ఆ ఆర్మీ కూడా శాశ్వతంగా పోయినట్టే. కోర్‌లన్నిటినీ ఉత్సాహంగా ఫ్రంటుకు పంపేసే జర్మనీ ఆటగాడికి ఈ సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఇంత ముఖ్యమైన నియమాన్ని పేరా మధ్యలో దాచడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కోటల నియమం మాత్రం ఓరుగల్లువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. 1310లో మాలిక్ కాఫుర్ ముట్టడికి ప్రతాపరుద్రుడు సంధి చేసుకున్నాడు, 1323లో ఉలుగ్ ఖాన్ చేతికి కోట చిక్కింది. మట్టికోట, రాతికోట చూస్తూ పెరిగినవాళ్లకు ముట్టడి అంటే ఎంత సైన్యాన్ని ఒకే చోట కట్టిపడేయాలో తెలుసు. ఆటలోనూ అంతే. శత్రువు కోటను ముట్టడించాలంటే అక్కడ ఒక ఆర్మీ అయినా, పటంలో ఆ కోటకు వేసిన సంఖ్యకు సరిపడా కోర్‌లైనా ఉండాలి. ప్రతి వంతులో ముట్టడి దశలో పాచిక వేస్తారు. ఆ సంఖ్యను మించి పడితేనే కోట కూలుతుంది. 1914 ఆగస్టు, సెప్టెంబరు వంతుల్లో పాచికలోంచి 2 తీసేయాలి. మొదట్లో జర్మనీ ఆటగాళ్లు ఈ రెండు తీయడం మరిచిపోయి బెల్జియంలో దూసుకుపోతుంటారు.

వేర్వేరు దేశాల దళాలు కలిసి దాడి చేసే సంగతి ఇంకొకటి. వేర్వేరు చోట్ల నుంచి జర్మన్లు, ఆస్ట్రియన్లు ఒకే లక్ష్యం మీద పడాలంటే, దాడికి దిగే చోట్లలో కనీసం ఒకదానిలో ఆ రెండు దేశాల దళాలూ కలిసి ఉండాలి. కారణం పుస్తకంలో రాయలేదు, కానీ ఊహించడం కష్టం కాదు: రెండు సేనాధిపత్యాలు మాట్లాడుకోకుండా ఒకే ఉదయం దాడి చేయలేవు. ఒక జర్మన్ కోర్‌ను ఆస్ట్రియన్ల మధ్య పెట్టుకునే ఎత్తు ఈ నియమం వల్లే పుట్టింది. ఆటలో నాకు బాగా నచ్చినది ఇదే.

కార్డుల విషయంలో తగాదా తక్కువ. ప్రతి కార్డునూ సంఘటనగానో, దళాలను నడపడానికో, దూరం తరలించడానికో, నష్టాలు నింపుకోవడానికో వాడవచ్చు. నక్షత్రం గుర్తున్న కార్డును సంఘటనగా వాడితే మళ్లీ చేతికి రాదు. దళాలను నడిపేటప్పుడు ఒకే చోటును కదలికకూ దాడికీ రెండింటికీ ఎంచుకోకూడదన్నది కొత్తవాళ్లకు నాలుగుసార్లు చెప్పాల్సి వస్తుంది. అంతే.

ఇక వస్తువు సంగతి. ప్రచురణకర్తలు సవరించిన నియమాల ప్రతిని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. పాత పుస్తకం చూస్తూ వాదించుకోవద్దు, దాన్నే ప్రింటు తీసుకోండి. వరంగల్ ఎండల్లో ఫ్యాను లేకుండా ఆడలేం, ఫ్యాను వేస్తే బిళ్ళలు నిలవవు. పటం మీద యాక్రిలిక్ షీటు పరచి, ఫ్యానును గోడ వైపు తిప్పితే సరిపోతుంది. వానాకాలంలో మాత్రం కార్డులకు కవర్లు తప్పవు, లేకపోతే అంచులు ఉబ్బుతాయి.

ఒక్క సాయంత్రంలో ముగిసే ఆట కావాలంటే దీని జోలికి వెళ్లకండి. ఎదురుగా కూర్చునేవారు నియమం చదవడానికి ఓపిక ఉన్నవారైతే కొనండి. సమీప ప్రాచ్యానికి (టర్కీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలకు) సంబంధించిన ప్రత్యేక నియమాలు ఇప్పటికీ నాకు అతుకుల బొంతలాగే ఉంటాయి. సారు ఒప్పుకోరు, ఆయనకు టర్కీ వైపు ఆడటమే ఇష్టం.