సీవీటీ కారుకి గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించాలా? విజయనగరంలో నేను మార్పించిన షెడ్డు గురించి

సీవీటీ (ఒక రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్) బండికి గేర్‌బాక్స్ ఆయిల్ మార్చక్కర్లేదు, అది లైఫ్‌టైమ్ ఆయిల్ అని చాలామంది చెబుతుంటారు. దయచేసి నమ్మకండి. అందులో మామూలు గేర్లు ఉండవు, రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టు తిరుగుతుంటుంది, ఆ బెల్టు జారకుండా పుల్లీలు బిగించి పట్టేది ఈ ఆయిల్ ప్రెషర్‌తోనే, వేడిని లాగేసేదీ ఇదే. ఆయిల్ పాడై బెల్టు జారడం మొదలై పుల్లీ మీద గీతలు పడ్డాయంటే ఇక కొత్త ఆయిల్ పోసినా లాభం లేదు, పెద్ద ఖర్చే. ఎస్.కోట మీంచి ఘాట్ ఎక్కి అరకు వెళ్ళొచ్చే బండ్లు, అదీ నిండా మనుషులు, ఏసీ, లగేజీతో, ఇంకా త్వరగా వేడెక్కుతాయి. కంపెనీ మాన్యువల్‌లో ఎన్ని కిలోమీటర్లని ఉందో చూసుకుని, ఇలా వాడేవాళ్ళు కాస్త ముందే మార్పించుకోండి. నేనైతే 40 వేల కిలోమీటర్ల దగ్గర మార్పించేశాను.

ముందు టౌన్‌లో ఒక చోట అడిగితే "ఆటోమేటిక్కే కదా సార్, ఏటీఎఫ్ పోసేద్దాం" అన్నారు. వెంటనే బండి తీసుకొచ్చేశాను. ఏటీఎఫ్ అంటే మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఆయిల్, అది వేరు, సీవీటీ ఆయిల్ వేరు, మళ్ళీ అందులోనూ హోండాకి హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్‌లో చాలా మోడళ్ళకి ఎన్ఎస్-3, ఇలా ఎవరిది వాళ్ళదే.

తర్వాత వెళ్ళింది రింగ్ రోడ్డు వైపు తండ్రీ కొడుకులు చూసుకునే చిన్న షెడ్డు. పెద్దాయన సీలు తీయని డబ్బాలు నా చేతికిచ్చి "చూసుకోండి బాబూ, మీరే విప్పండి" అన్నారు. అక్కడే నాకు సగం టెన్షన్ పోయింది. డ్రైన్ బోల్టు విప్పాక దాని అయస్కాంతానికి అంటుకున్న బూడిదరంగు ముద్దని వేలితో రుద్ది చూపించారు, మెత్తగా ఉంటే మామూలు అరుగుదలే, గరుకుగా ఇనప రజను తగిలితేనే భయపడాలట. దిగిన ఆయిల్‌ని కొలిచారు, బోల్టుకి కొత్త వాషర్ వేశారు, దిగినంతే కొత్త ఆయిల్ పోసి, కాసేపు ఇంజిన్ నడిపి బండిని సమంగా నిలబెట్టి లెవెల్ చూశారు. ఇలా దింపితే పాత ఆయిల్ మొత్తం రాదు, కొంత టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే భాగం) ఉండిపోతుంది, అందుకే కొన్నాళ్ళు తిరిగాక ఇంకోసారి దింపి పోయించుకోమన్నారు. మెషిన్ పెట్టి పాత ఆయిల్ అంతా ఒకేసారి తోసేసేలా ఫ్లష్ చేయమంటే మాత్రం చేయనన్నారు, ఆ మాట నాకు బాగా నచ్చింది.

బండి తేడా అడుగుతారేమో, ముందు కూడా బాగానే ఉండేది కాబట్టి పెద్ద తేడా ఏం లేదు, ఉండాల్సిన పని కూడా లేదు. ఇప్పటికే జర్కులు, జారుడు ఉన్న బండైతే ఆయిల్ కంటే ముందు స్కానర్ పెట్టించి లోపం ఏంటో చూపించుకోండి.

లోటంటే, కూర్చోడానికి నీడ లేదు, బిల్లు చేత్తో రాసిస్తారు. లేబర్ తక్కువే, బిల్లులో ఎక్కువ భాగం ఆయిల్‌దే. ఆయిల్ స్టాక్ ఉంచరు, మోడల్, సంవత్సరం ముందే చెబితే వైజాగ్ నుంచి తెప్పిస్తారు, కాబట్టి ఫోన్ చేసుకుని వెళ్ళండి.