పాస్‌పోర్ట్ స్లాట్ ఇప్పిస్తామనే వాళ్ల చేతిలో డబ్బులు పెట్టకండి

దుబాయ్ తిరిగి వెళ్లే తొందరలో ఉన్న మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు అన్నదమ్ములు దయచేసి ఇది చదవండి. పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి స్లాట్ ముందుగా ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. మేం 6,500 ఇచ్చి మోసపోయాం. డబ్బు పోతే పోయింది, దాదాపు మూడు వారాలు పోయాయి. మా బాధంతా దాని గురించే.

మా తమ్ముడు 2021 మార్చిలో దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చాడు. కరోనా టీకా రెండు డోసులూ అక్కడే వేయించుకున్నాడు. ఏప్రిల్ 24 రాత్రి నుంచి యూఏఈ మన దేశం నుంచి ప్రయాణికులను ఆపేసింది. ఆ తర్వాత ఇక్కడ లాక్‌డౌన్. ఆగస్టు 5 నుంచి, అక్కడ టీకా వేయించుకుని రెసిడెన్స్ వీసా ఉన్నవాళ్లు రావచ్చన్నారు. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. తీరా పాస్‌పోర్ట్ తీసి చూస్తే నవంబర్ వరకే గడువు. కొత్తది చేయించుకునే రమ్మంది కంపెనీ.

పాస్‌పోర్ట్ పోర్టల్‌లో చూస్తే నెల దాటితే గాని స్లాట్ లేదు. 2020లో పాస్‌పోర్ట్ కేంద్రాలు మూతపడినప్పటి నుంచి ఆగిపోయినవాళ్లు, విమానాలు మొదలవగానే వచ్చినవాళ్లు, అందరం ఒకేసారి మీద పడ్డాం. ఆ టెన్షన్‌లోనే బస్టాండ్ దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటర్‌కి వెళ్లాం. తొందరగా ఇచ్చే తత్కాల్ ఫీజు 3,500, తన ఖర్చు 3,000, వారంలో స్లాట్ అన్నాడు. ఒప్పుకున్నాం.

ఆగస్టు 17 ఉదయం 9:15 అని ప్రింట్ ఇచ్చాడు. తెల్లవారుజామున 4 గంటలకే బండి మాట్లాడుకుని బయలుదేరాం. పాస్‌పోర్ట్ కేంద్రం గేటు దగ్గర దరఖాస్తు నంబర్ చూసి, "మీది సెప్టెంబర్ 27 కదా" అన్నారు. పక్కకు వచ్చి ఆ కాగితాన్ని ఎండలో పెట్టి చూశాను. తేదీ ఉన్న చోట అంకెలు మిగతా అక్షరాల కంటే లావుగా ఉన్నాయి, వరుసలోంచి కొంచెం కిందకి జారి ఉన్నాయి. ముందే ఒక్కసారి సరిగ్గా చూసి ఉంటే తెలిసిపోయేది. తమ్ముడు ఏమీ అనలేదు, ఫైలు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. వాడిని అలా చూసి నాకు ఏడుపొచ్చింది.

తర్వాత తెలిసింది, అతను కట్టింది మామూలు ఫీజు 1,500 మాత్రమే. అసలు చిక్కు ఇంకొకటి. లాగిన్ తన ఈమెయిల్‌తో తెరిచాడు. తేదీ మార్చాలన్నా, రద్దు చేయాలన్నా అతని దగ్గరికే పోవాలి, అతనేమో ఫోన్ ఎత్తడు. ఏడాదిలో మూడుసార్లే అపాయింట్‌మెంట్ మార్చుకోవచ్చు. అందులో రెండు అతనే వాడేశాడు. తెలిసినవాళ్లతో చెప్పించి, తిరిగి తిరిగి చివరికి పాస్‌వర్డ్ తీసుకున్నాం. తెరిచి చూస్తే ఫారంలో మా పాత ఇంటి నంబర్! పాత పాస్‌పోర్ట్ చూసి దించేశాడు. అలాగే వదిలేస్తే పోలీసులు మేం లేని ఇంటికి ఎంక్వైరీకి వెళ్లేవాళ్లు.

లాగిన్ చేతికొచ్చాక మేమే రోజూ పోర్టల్ ముందు కూర్చున్నాం. ఎవరో రద్దు చేసుకున్నది కావచ్చు, సెప్టెంబర్ 3కి ఒకటి దొరికింది. అడ్రస్ తప్పు కౌంటర్‌లో చెబితే అక్కడే సరిచేశారు. ఇదంతా మనకు చేతకాని పని కాదు, మేం భయపడి వేరేవాళ్లకు అప్పజెప్పాం.

ఫారం నింపడం రాకపోతే ఎవరి సాయమైనా తీసుకోండి, తప్పు లేదు. కానీ ఈమెయిల్, ఫోన్ నంబర్, పాస్‌వర్డ్ మీవే ఉండాలి. ఫీజు పోర్టల్‌లో మీ ఎదురుగానే కట్టించండి. పోర్టల్ పేరు చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి, అచ్చం అలాగే కనిపించే దొంగ సైట్లు కూడా ఉన్నాయి. ప్రింట్ చేతికిచ్చారని నమ్మకండి, లాగిన్ అయ్యి తేదీ మీ కళ్లతో చూసుకోండి.

మేం పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. 2021లో ఇది రాసే నాటికి పాస్‌పోర్ట్ ఇంకా రాలేదు. స్పీడ్ పోస్ట్‌లో వస్తుంది, మనిషికే ఇస్తారు కాబట్టి తమ్ముడు ఇల్లు కదలడం లేదు. మీలో ఎవరైనా ఇప్పటికే ఇలా ఏజెంట్‌కి కట్టి ఉంటే ఈ రోజే వెళ్లి లాగిన్ అడిగి తీసుకోండి.