కొత్త ఉప్పునీటి ట్యాంక్‌కి స్టార్టర్ ప్యాక్: జీవులు బాగున్నాయి, హడావుడే బాగాలేదు

సైకిల్ పూర్తయిన, అంటే చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాని మార్చే బ్యాక్టీరియా ఏర్పడిన, ఉప్పునీటి చేపల ట్యాంకుల కోసమని ఆన్‌లైన్‌లో అమ్మే ప్యాక్ ఇది. అమ్మినవాళ్ళ పేరు చెప్పను. నాది 150 లీటర్ల ట్యాంక్. ప్యాక్‌లో ఒసెల్లారిస్ క్లౌన్ చేపల జంట, ఒక రాయల్ గ్రామా చేప, ఒక క్లీనర్ రొయ్య, ట్రోకస్, నస్సేరియస్ నత్తలు, హెర్మిట్ పీతలు, ఒక పిల్ల బ్లూ టాంగ్ ఉంటాయని రాశారు. టాంగ్ వద్దన్నాను. అది 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పొద్దంతా ఈదుతూనే ఉంటుంది. అలాంటి చేపని చిన్న ట్యాంకుల ప్యాక్‌లో ఎందుకు పెట్టారో వాళ్ళకే తెలియాలి. మారు మాట్లాడకుండా బదులుగా నత్తలు ఇస్తామన్నారు, అది మెచ్చుకోవాలి.

క్లౌన్ చేపలు చాలా బాగున్నాయి. సముద్రంలో పట్టినవి కాదు, ట్యాంకుల్లో పుట్టి పెరిగినవే. వచ్చిన సాయంత్రమే పెల్లెట్లు తిన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది పంపారు. ఈ జాతిలో పిల్లలన్నీ మగవిగానే మొదలవుతాయి, జంటలో పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది. సమానమైనవి రెండు పంపితే ఆ పెత్తనం తేలేదాకా కొట్టుకుంటాయి. తెలిసినవాళ్ళే చూసి ఎంచారనిపించింది.

నత్తల్లో ట్రోకస్‌ని ఎంచడం కూడా మంచి పని. బోర్లా పడితే తమంతట తామే లేవగలవు. ఆస్ట్రేయా అనే మరో రకం నత్తలకి అది దాదాపు చేతకాదు, మనం చూడకపోతే అలాగే పోతాయి. కొత్త ట్యాంక్‌లో గాజు మీద, ఇసుక మీద పట్టే గోధుమరంగు డయాటమ్ (సూక్ష్మమైన నాచు) పొరని ట్రోకస్‌లు శుభ్రంగా తినేశాయి. నస్సేరియస్‌ని మాత్రం ‘నాచు తినే నత్త’ అని రాశారు, అది తప్పు. అవి ఇసుకలో దాక్కుని, తిండి వాసన తగలగానే తొండం పైకెత్తుకుని లేచి వస్తాయి, మిగిలిన మాంసం తింటాయి. హెర్మిట్ పీతలకి ఖాళీ గవ్వలు పెట్టలేదు. గవ్వ చాలకపోతే నత్తని చంపి దాని ఇల్లే లాక్కుంటాయి కాబట్టి, ఒకే పెట్టెలో రెండింటినీ పంపేవాళ్ళు గుప్పెడు గవ్వలు కూడా వేయాల్సింది.

ప్యాకింగ్‌కి వంక లేదు. డబుల్ కవర్లు, థర్మాకోల్ పెట్టె, నీళ్ళు చల్లారలేదు. నాకు నచ్చనిది పెట్టెలో పెట్టిన సూచనల కాగితం. అన్నిటికీ రెండు గంటలు డ్రిప్ పెట్టమంటుంది, అంటే కవర్ నీళ్ళలోకి మన ట్యాంక్ నీళ్ళని చుక్కచుక్కగా కలపమని. చాలాసేపు ప్రయాణం చేసిన చేపకి ఇది ప్రమాదం. కవర్లో చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ పడిపోతుంది, అందుకే పేరుకున్న అమ్మోనియా పెద్దగా హాని చేయదు. కవర్ విప్పగానే ఆ వాయువు పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. ఆ నీళ్ళలోనే రెండు గంటలు ఉంచమంటే ఎలా? కవర్ విప్పకుండా 20 నిమిషాలు తేలనిచ్చి, విప్పగానే చేపని తీసి క్వారంటైన్ ట్యాంక్‌లో వేశాను. వాళ్ళ నీటి సాంద్రత 1.020, నాది 1.025. క్వారంటైన్‌ని ముందే 1.020కి తెచ్చిపెట్టి, తర్వాత కొన్ని రోజుల్లో నెమ్మదిగా పెంచాను. రొయ్యకీ నత్తలకీ మాత్రం నెమ్మదిగా డ్రిప్ చేయడమే మంచిది, ఉప్పు ఒక్కసారిగా మారితే అవి తట్టుకోలేవు.

అసలు గొడవ వేరే. ‘సైకిల్ అయింది కదా, అన్నీ ఒకేరోజు వేసేయొచ్చు’ అంటారు వాళ్ళు. సైకిల్ అయిందంటే బ్యాక్టీరియా పుట్టిందని అర్థం, ఎంతమందికైనా సరిపడా ఉందని కాదు. రోజూ నలుగురికి వండే వంటమనిషి దగ్గరికి చెప్పకుండా నలభైమందిని పంపినట్టు అవుతుంది. నా ట్యాంక్ 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాముల) అమ్మోనియాని 24 గంటల్లో సున్నా చేసేది, దాన్నుంచి వచ్చే నైట్రైట్ కూడా సున్నాయే, చివరికి మిగిలే నైట్రేట్ తగ్గడానికి నీళ్ళు మార్చాను. అయినా అన్నీ ఒకేసారి వేయడానికి మనసు ఒప్పలేదు. పైగా గ్రామా తన గుహ దగ్గరికి ఎవరినీ రానివ్వదు, అందుకే నెమ్మదైన చేపలు కుదురుకున్నాకే అది రావాలి. రొయ్యకి నిలకడగా ఉన్న నీళ్ళు కావాలి.

అందుకే విడివిడిగా పంపమని అడిగాను. బోలెడు మెసేజ్‌ల తర్వాత ఒప్పుకున్నారు, రెండో పార్శిల్ ఖర్చు మాత్రం నాదే. ముందు నత్తలు, పీతలు, క్లౌన్‌లు వచ్చాయి. గ్రామా, రొయ్య తర్వాత. చేపలు క్వారంటైన్‌లో ఉన్నన్నాళ్ళూ అసలు ట్యాంక్‌లో బ్యాక్టీరియా పస్తులుండకుండా చిటికెడు తిండి వేస్తూ వచ్చాను.

‘క్వారంటైన్ చేసినవే’ అని పేజీలో ఉంది కానీ, ఎన్నాళ్ళు, ఏ మందుతో అని అడిగితే ‘గమనించాం’ అన్నారు. గమనించడం క్వారంటైన్ కాదు. తెల్లమచ్చల పరాన్నజీవి ఒక్కసారి అసలు ట్యాంక్‌లో దిగితే చేపలన్నీ తీసేసి 76 రోజులు ఖాళీగా ఉంచాలంటారు. రాగి మందు అక్కడ వేయలేం, నత్తలూ రొయ్యా చచ్చిపోతాయి.

ఐదుకి మూడున్నర ఇస్తాను. కొనేవాళ్ళు టాంగ్ తీసేయమనండి, రెండు విడతల్లో పంపమనండి. ‘ఉచితంగా ఒక డామ్‌సెల్ చేప’ అంటే కూడా వద్దనండి. అది ట్యాంక్ మొత్తం తనదే అనుకుంటుంది, పట్టాలంటే రాళ్ళన్నీ బయటికి తీయాలి. ఇప్పుడు నాకు మాండరిన్ చేప మీద డిస్కౌంట్ పంపారు. అది తినేది రాళ్ళ మీద పాకే కోపీపాడ్‌లు అనే చిన్న చిన్న జీవుల్ని, నా రాళ్ళ మీద ఇంకా అన్ని లేవు. ఆ మెయిల్ తీసేశాను.