పొడిబారే ఒంటికి సున్నిపిండా, పీచా, లోషనా? ఆటలాడేవాళ్లకు ఏది మేలు?

మైపాడు తీరం వెంట పొద్దున్నే పరుగు తీసేవాళ్లకూ, ఒంగోలులో సాయంత్రాలు షటిల్ ఆడేవాళ్లకూ ఒకటే అనుమానం. ఒళ్లంతా చెమటతో తడిసిపోతుంటే ముంగాళ్ల మీద తెల్లపొట్టు ఎందుకు లేస్తుంది? గోటితో గీస్తే తెల్లగీత ఎందుకు పడుతుంది? చెమట పట్టడం వేరు, చర్మం లోపల తేమ నిలవడం వేరు. చెమట ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. దాన్ని వదిలించడానికి రోజుకు రెండుసార్లు సబ్బు రుద్దుతాం. చర్మం సహజంగా కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది, పీహెచ్ 5 దరిదాపుల్లో. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది, అంటే క్షారగుణం. అందుకే రుద్దినకొద్దీ చర్మం ఎండిపోతుంది. పైగా చాలా ఊళ్లలో బోరునీళ్లే దిక్కు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిసి తెల్లటి తెట్టులా మారి ఒంటికి అంటుకుంటుంది. బకెట్ అంచున పేరుకునేది అదే. దర్శి, పొదిలి మెట్టప్రాంతంలో వేసవి వడగాలి కూడా తోడైతే ఇక చెప్పేదేముంది.

పొట్టు కనబడగానే గీకి తీసేయాలనిపిస్తుంది. తప్పు అక్కడే మొదలవుతుంది. చనిపోయిన కణాలను పట్టి ఉంచే జిగురును చర్మంలోని ఎంజైములే కరిగిస్తాయి, అవి పనిచేయాలంటే నీళ్లు కావాలి. తేమ లేకపోతే కణాలు ఒక్కొక్కటిగా రాలవు, గుంపులుగా అతుక్కుని పొలుసులవుతాయి. అందుకే చాలామందికి నెలరోజులు సరిగ్గా మాయిశ్చరైజర్ రాస్తే సగం పొట్టు దానంతటదే పోతుంది. మిగిలిన సగానికే సున్నిపిండి, పీచు, లోషన్ల ప్రసక్తి.

రుద్దేవి, కరిగించేవి

సున్నిపిండికి మన నీళ్లలో ఒక గొప్ప సుగుణం ఉంది. బోరునీళ్లతో కలిసినా సబ్బులా తెట్టు కట్టదు. పొడి చర్మానికి రెండు పెద్ద చెంచాల పెసరపిండి, తడపడానికి పచ్చిపాలు లేదా పెరుగు, ఒక చిన్న చెంచా నువ్వులనూనె చాలు. పిండిని పల్చటి నూలుగుడ్డలో జల్లించండి. బియ్యప్పిండి కలిపితే గరుకు ఎక్కువై గీతలు పడతాయి. నిమ్మరసం, వంటసోడా వద్దు. నలుగు పెట్టాక పూర్తిగా ఎండిపోయేదాకా ఆగి రాల్చడం చాలా ఇళ్లలో అలవాటు. అలా చేస్తే నూగువెంట్రుకలు లాగబడి, మర్నాడు కాళ్ల మీద ఎర్రటి పొక్కులు లేస్తాయి. తడిగా ఉండగానే మెల్లగా పామి కడిగేయాలి.

బజారులో కొనే సున్నిపిండిలో బావంచాలు ఉన్నాయేమో తప్పక అడగండి. వాటిలోని సోరాలెన్ అనే పదార్థం ఎండ తగిలితే చర్మాన్ని కమిలిస్తుంది, నల్లమచ్చలు మిగులుస్తుంది. ఇంట్లో నీడపట్టున ఉండేవాళ్లు గమనించకపోవచ్చు గానీ, నలుగు పెట్టుకుని గ్రౌండుకు వెళ్లేవాళ్లకు ఇది నిజమైన ప్రమాదం.

బీరపీచు మడమలకూ మోచేతులకూ మాత్రమే. వారానికి ఒక్కసారి, నీళ్లలో బాగా నానాక, ఒక్కోచోట అరనిమిషానికి మించకుండా. తడి పీచును బాత్‌రూములోనే వేలాడదీస్తే బాక్టీరియా పెరుగుతుంది. అదే పీచుతో రుద్దుకుంటే వెంట్రుక కుదుళ్లలో చీముపొక్కులు వస్తాయి. ఎండలో ఆరేయాలి, నెలకొకటి మార్చాలి. ఉప్పు, పంచదార, అక్రోటుపెంకు పొడి స్క్రబ్బులు పొడి చర్మానికి దండగ. వాటి అంచులు పదును, కంటికి కనబడని గాట్లు పడతాయి, తర్వాత చెమట తగిలితే మంట.

కరిగించేవంటే యూరియా, లాక్టిక్ ఆమ్లం ఉన్న లోషన్లు. ఇవి జిగురును వదులు చేస్తాయి, నీటిని కూడా పట్టి ఉంచుతాయి. యూరియా, లాక్టేట్ మన చర్మంలో సహజంగానే ఉండే పదార్థాలు. రోజూ ఆడేవాళ్లకు మా ఓటు వీటికే. 10 శాతం యూరియా ఉన్న క్రీము ముంగాళ్లకు, చేతులకు సరిపోతుంది. 20 శాతం పైబడినవి గట్టిపడిన మడమలకే. లాక్టిక్ ఆమ్లం ఉన్నదైతే రాత్రిపూట, మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాయండి. షేవింగ్ చేసిన రోజు, చర్మం చిట్లిన చోట, క్లోరిన్ నీళ్లలో ఈదొచ్చిన వెంటనే రాస్తే భగ్గుమంటుంది. ఆమ్లాలు వాడే రోజుల్లో ఎండ త్వరగా తగులుతుంది కాబట్టి కనబడే చోటల్లా సన్‌స్క్రీన్ ఉండాలి. సున్నిపిండి వారానికోసారి, లోషన్ మిగతా రోజులు అనుకుంటే సరే. రెండూ ఒకే రోజున వద్దు.

నూనె, గ్లిజరిన్, వేజిలీన్

వీటిలో ఏది మంచిదనే ప్రశ్నకు జవాబు వేళను బట్టి మారుతుంది.

కొబ్బరినూనెలో నీళ్లుండవు. ఎండిన ఒంటికి రాస్తే మెరుపే తప్ప తేమ రాదు. స్నానమయ్యాక తువాలుతో అద్ది, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగా, మూడు నిమిషాల లోపు రాస్తే ఆ నీటినే లోపల నిలుపుతుంది. ఆటకు ముందు రాయకండి. చెమటతో కలిసి జారుతుంది, కబడ్డీలో పట్టు చిక్కదు, రాకెట్ నిలవదు. వీపు మీద, మెడ దగ్గర శోభిమచ్చలు వచ్చే తత్వం ఉన్నవాళ్లు అక్కడ నూనె పూర్తిగా మానేయాలి. ఆ మచ్చలకు కారణమైన ఫంగస్ నూనెలోని కొవ్వునే తిని బతుకుతుంది.

గ్లిజరిన్ చవక, నీటిని బాగా పట్టి ఉంచుతుంది. కానీ నేరుగా పూస్తే జిగట, దుమ్మంతా అంటుకుంటుంది. ఒక వంతు గ్లిజరిన్‌కు నాలుగు వంతులు కాచి చల్లార్చిన నీళ్లు కలిపి, రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే చేసుకోండి. వడగాలి రోజుల్లో ఇదొక్కటే చాలదు, పైన పల్చగా నూనె గానీ క్రీము గానీ పడాలి.

నీరు ఆవిరైపోకుండా ఆపడంలో వేజిలీన్‌ను మించింది లేదు. ఒళ్లంతా పూసుకుంటే ఉక్కకు తట్టుకోలేం, అది వేరే సంగతి. రాత్రి మడమలకు రాసి నూలు సాక్సులు వేసుకోవడానికి, దూరం పరుగెత్తే ముందు తొడలు ఒరుసుకుపోకుండా పల్చగా పూసుకోవడానికి దీన్ని ఉంచుకోండి. కొత్తపట్నంలోనో మైపాడులోనో సముద్రస్నానం చేశాక మాత్రం ముందు మంచినీళ్లతో కడుక్కోవాలి. ఉప్పు మీద ఏది పూసినా దండగే.

ఎంత రాయాలన్నది చాలామందికి తెలియదు. ట్యూబు నుంచి చూపుడువేలి చివరి కణుపు పొడవునా తీసిన క్రీము అరగ్రాము. పాదంతో కలిపి ఒక్కో కాలికి అలాంటివి ఎనిమిది, అరచేతితో కలిపి ఒక్కో చేతికి నాలుగు. మొత్తం పన్నెండు గ్రాములు. రోజుకొక్కసారి కాళ్లూచేతులకు రాసినా 100 గ్రాముల ట్యూబు ఎనిమిది రోజులకు అయిపోవాలి. మీది నెల వస్తుంటే సరిపడా రాయడం లేదన్నమాట. అందుకే ఖరీదైన చిన్న ట్యూబు కన్నా చవకైన పెద్ద డబ్బా మేలు.

రెండుపూటలా స్నానం తప్పదు గానీ రెండుపూటలా ఒళ్లంతా సబ్బు అక్కర్లేదు. ఒక పూట చంకలకు, గజ్జలకు, పాదాలకే పరిమితం చేయండి. మిగతా ఒంటికి నీళ్లు చాలు, అవీ గోరువెచ్చగానే.

గుండ్రంగా, అంచు ఎర్రగా పైకి తేలి, దురదపెట్టే మచ్చ పొడిబారడం కాదు, తామర. దాన్ని పీచుతో రుద్దితే పక్కకు పాకుతుంది. మందులషాపులో అడిగితే ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు పూస్తే నాలుగు రోజులు తగ్గినట్టుండి మొండికేస్తుంది. చర్మవైద్యుడికి చూపించండి. షుగరున్నవాళ్లు మడమపగుళ్లను బ్లేడుతోనూ రాయితోనూ గీకకూడదు. స్పర్శ తగ్గిన పాదానికి తెగినా తెలియదు, పుండు పడితే మానడం కష్టం. వాళ్లకు రాత్రిపూట వేజిలీన్, సాక్సులే. పగులులోంచి నెత్తురు కనబడితే ఆసుపత్రికే.