ఎర్ర బటన్‌తో నా పేచీ: రెండున్నరేళ్ళు వాడిన పిల్లల కారు సీటు

మావాడికి ఎనిమిదో నెల వచ్చినప్పుడు కొన్నాం ఈ సీటు. ఇప్పుడు వాడికి మూడేళ్ళు దాటి రెండు నెలలు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఇది మాతోపాటు పెళ్ళిళ్ళకీ, పుట్టినరోజులకీ, ఆస్పత్రి పరామర్శలకీ, లెక్కలేనన్ని ఆదివారం భోజనాలకీ వచ్చింది. ఐసోఫిక్స్ (కారు సీట్లో ఉండే కొక్కేలకి నేరుగా తగిలించే ఏర్పాటు), గుండ్రంగా తిరిగే అడుగు, నేలకి ఆనించే కాలు, అయిదు పట్టీల బెల్టు... ఇవన్నీ డబ్బా మీదే రాసి ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను. నా పేచీ అంతా పిల్లవాడి కాళ్ళ మధ్య, బకిల్ మీద ఉండే ఆ ఎర్ర బటన్‌తోనే.

నొక్కితే దిగదు. అదీ సంగతి.

కంపెనీవాళ్ళని తిట్టేముందు ఒక మాట చెప్పాలి. దాన్ని కావాలనే అంత గట్టిగా చేస్తారు. యూరప్ ప్రమాణాల ప్రకారం ఆ బటన్ తెరుచుకోవడానికి 40 నుంచి 80 న్యూటన్ల బలం పట్టాలి. అంటే నాలుగు నుంచి ఎనిమిది కిలోల బరువు మోపినంత. దారిలో పిల్లవాడు తనంతట తానే విప్పేసుకోకూడదు, పెద్దవాళ్ళు మాత్రం విప్పగలగాలి. బానే ఉంది. కానీ ఆ పెద్దవాళ్ళలో మా అత్తయ్య ఉన్నారా? ఆవిడకి వేళ్ళ కీళ్ళ నొప్పులు. మావయ్యకి చెయ్యి వణుకు. మా పెద్దమ్మకి ఏ బటన్ చూసినా భయమే.

తల్లీ తండ్రీ బిడ్డా ముగ్గురే తిరిగే ఇంట్లో ఇది సమస్యే కాదు. మాది అలా కాదు. ఎక్కడికి వెళ్ళినా రెండు కార్లు, మూడు కార్లు. కారు ఆగీ ఆగకముందే తలుపు దగ్గర నలుగురు చేతులు చాచుకుని నిలబడతారు. వాళ్ళలో ఒక్కరికీ వాణ్ణి దింపుకోవడం చేతకాదు. "అమ్మాయ్, ఒకసారి ఇటు రా" అని పిలుపు. నేను వెళ్ళి నొక్కాలి. నేను వెనక కార్లో ఉంటే వెనక కార్లోంచి దిగి రావాలి. రెండున్నరేళ్ళుగా ఏ ప్రయాణంలోనైనా నా ఉద్యోగం ఇదే. మావారు కూడా నొక్కగలరు, కానీ ఆయన ఎప్పుడూ డిక్కీ దగ్గరే ఉంటారు, అదేం చిత్రమో.

పెట్టడంలో ఇంకో తిప్పలుంది. రెండు భుజాల పట్టీల చివర్లలో ఉన్న నాలుకల్ని ముందు ఒకదానితో ఒకటి జోడించి, అప్పుడు కలిపి బకిల్‌లోకి దింపాలి. ఒక్కొక్కటీ విడిగా దిగదు. సగం పెట్టి మొత్తం పెట్టేశామని అనుకోకుండా చేసిన ఏర్పాటు అది, నిజానికి మంచిదే. మా బాబాయి మాత్రం ఒకసారి పావుగంట సేపు ఎడమది ఒకసారి, కుడిది ఒకసారి గుచ్చి చూసి, "ఇది పాడైపోయిందమ్మా" అని తీర్పు చెప్పేశారు.

అసలు ఈ సీటు కొన్నప్పుడు ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే పోయేదానికి ఇదెందుకు?" అన్నారు అత్తయ్య. మా మరిది కాగితం మీద లెక్క వేసి చూపించాడు. కారు గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకుందాం. 12 కిలోల పిల్లవాడు ఆ క్షణంలో మన చేతుల్లోంచి ముందుకు లాగే బలం దాదాపు 170 కిలోల బరువుకి సమానం. ఏ నాన్నమ్మ చేతులూ ఆపలేవు. అత్తయ్య కాగితం వైపు చూసి, "నువ్వు లెక్కల్లో ఎప్పుడూ ఫస్టే నాయనా" అని ఊరుకున్నారు. ఒప్పుకున్నట్టు కాదు.

మొదటి ఏడాదిన్నరా సీటుని వెనక్కి తిప్పే పెట్టాం. ఆర్129 అని పిల్లల సీట్లకి యూరప్‌లో పాటించే భద్రతా నియమం ఉంది, దాని ప్రకారం 15 నెలలు నిండేదాకా అలాగే ఉంచాలి, ఆ తర్వాత కూడా ఎంత కాలం ఉంచితే అంత మంచిది. ఆ వయసులో తల బరువెక్కువ, మెడ బలం తక్కువ. ముందునుంచి గుద్దుకుంటే సీటు వీపే తలనీ వెన్నునీ కలిపి ఆపుతుంది. చుట్టాలకి ఇది శిక్షలా కనిపించింది. "పాపం, పిల్లాడికి గోడకేసి కూర్చోబెట్టినట్టుంది", "కాళ్ళు మడుచుకుపోతున్నాయి చూడు". వాడు మాత్రం హాయిగా కాళ్ళు రెండూ కారు వెనక సీటు వీపు మీదకి తన్నిపెట్టి, ఒక సాక్సు ఊడదీసి నముల్తూ ఉండేవాడు.

కొన్న రెండో నెలలో మా వదిన అడిగితే నేను ఈ సీటుని ఆకాశానికెత్తేశాను. తిరిగే అడుగు ఉందిగా, తలుపు వైపు తిప్పి, వంగకుండా కూర్చోబెట్టొచ్చు, నడుము బతికిపోయింది అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. ఇప్పుడైతే కొంచెం తగ్గించి చెప్తాను. ఫంక్షన్ల దగ్గర కార్లన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబెడతారు కదా, తలుపు సగమే తెరుచుకుంటుంది, సీటు తిప్పినా ఉపయోగం లేదు. తిరిగే గాడిలో బిస్కెట్ పొడి చేరితే కరకరమంటుంది. పైగా ఈ తిరిగే రకం సీట్లు మామూలుగా 13 నుంచి 15 కిలోల దాకా తూగుతాయి. ఒక కారులోంచి తీసి ఇంకో కారులో పెట్టడం మాట అనుకున్నంత తేలిక కాదు.

కుటుంబంతో తిరిగేవాళ్ళకి ఈ కార్లు మార్చడమే అసలు గొడవ. "వాణ్ణి మా కార్లో ఎక్కించండి" అని ప్రతి ఒక్కరూ అంటారు. మరిది కార్లో పెట్టబోతే వెనక సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట నేలలో మూతున్న అర ఉంది. సీటు కాలు ఆ మూత మీద ఆనించకూడదు, కింద డొల్ల కాబట్టి దెబ్బ తగిలితే మూత విరిగి కాలు దిగిపోతుంది. బాబాయి కార్లో ఐసోఫిక్స్ కొక్కేలే లేవు. చివరికి వాడెప్పుడూ మా కారే. ఇది బిగించాక వెనక సీట్లో ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు కూడా ఇరుక్కునే కూర్చోవాలి కాబట్టి, మనవడి పక్కన ఎవరు కూర్చోవాలన్నది బయల్దేరేముందు జరిగే మొదటి పంచాయితీ.

ఇక అసలు కథ. మావయ్య డెబ్బయ్యో పుట్టినరోజుకి అందరం కలిసి వెళ్తున్నాం. అయిదు గంటల దారి, మూడు కార్లు. మావాడికి అప్పటికి రెండున్నరేళ్ళు. డైపర్ మాన్పించి సరిగ్గా పది రోజులైంది. సగం దారిలో "అమ్మా, సుస్సు" అన్నాడు. పది రోజుల అనుభవంలో నాకు తెలిసిందేమిటంటే, వాడు ఆ మాట అన్నాక మన చేతిలో రెండు నిమిషాలుంటాయి.

కారు పక్కకి ఆపాం. తలుపు తీసి, సీటు తిప్పి, బటన్ నొక్కాను. దిగలేదు. మళ్ళీ నొక్కాను. రెండు బొటనవేళ్ళూ పెట్టి నొక్కాను. గోడని నొక్కినట్టుంది. మావారు వచ్చారు, మరిది వచ్చాడు. ఈలోపు మిగతా రెండు కార్లూ ఆగి, జనం అంతా మా తలుపు చుట్టూ చేరారు. ఇక సలహాలు మొదలు. బాబాయి కత్తెరతో పట్టీ కోసేద్దామన్నారు. ఇంకొకరు కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వెయ్యమన్నారు. తోడికోడలు ఫోన్‌లో ఏదో వీడియో వెతుకుతోంది. పెద్దమ్మ "అయ్యో, బిడ్డని కట్టేశారే" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆవిణ్ణి చూసి మావాడు కూడా అందుకున్నాడు. నాకు చేతులు వణుకుతున్నాయి.

అత్తయ్య అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. వెనకనుంచి నిదానంగా అన్నారు: "ఆ తాళం సంగతి తర్వాత చూద్దురు గానీ. పట్టీ వదులు చేసి, చొక్కా విప్పినట్టు చేతులు బయటికి తీసెయ్యరాదూ?"

నిజమే. సీటు అంచు దగ్గర, వాడి కాళ్ళ ముందు, పట్టీలు వదులు చేసే మీట ఉంది. రోజూ వాడేదే. అది నొక్కి పట్టుకుని భుజాల పట్టీలు రెండూ లాగితే బారెడు వదులయ్యాయి. ఒక చెయ్యి, రెండో చెయ్యి, తర్వాత నడుము పైకెత్తి కాళ్ళు. బకిల్ బకిల్‌గానే ఉంది, పిల్లవాడు నా చంకలో ఉన్నాడు. సుస్సు విషయంలో మాత్రం రెండు నిమిషాలూ దాటిపోయాయి. నా చీర సాక్షి.

సీటు కింది అరలో ఉన్న పుస్తకం తీసి చూశాను. కొన్న దగ్గర్నుంచీ దాన్ని తెరవడం అదే మొదటిసారి. బకిల్ బిగుసుకుంటే గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, బటన్ పదేపదే నొక్కి, లోపలి చెత్త బయటికి పోనివ్వాలి, సబ్బు వద్దు, నూనె అసలే వద్దు అని స్పష్టంగా ఉంది. నూనె వేస్తే దుమ్ము పట్టి ఇంకా మొరాయిస్తుంది. పాల కోసం తెచ్చుకున్న ఫ్లాస్కులో వేడి నీళ్ళున్నాయి. మామూలు నీళ్ళు కలిపి, ఒక పెద్ద కప్పు నింపి, వదులైన పట్టీతో సహా బకిల్‌ని దాన్లోకి వంచి ముంచాం. మరిది కప్పు పట్టుకున్నాడు, మావారు నొక్కుతూనే ఉన్నారు. ఏడెనిమిది నిమిషాలకి నీళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. తర్వాత టక్ మంది. ఆ రోజు మాత్రం వినసొంపుగా ఉందనిపించింది, మామూలుగా అయితే ఆ టక్ అంటే నాకు మంట. నిద్రపోతున్న పిల్లవాణ్ణి లేపేది అదే.

లోపల్నుంచి ఏం వచ్చిందో చెప్తాను. నానిన బిస్కెట్ ముద్ద, ఎండుద్రాక్ష ఒకటి (నల్లగా, పూర్తి ఆకారంతో), ఒక సీక్విన్ బిళ్ళ. ఆ సీక్విన్ ఎవరి చీరదో ఇప్పటికీ తేలలేదు. నలుగురు నాలుగు వైపులనుంచి వాడి నోట్లో ఏదో ఒకటి పెడుతూనే ఉంటారు కదా, వాడు తిన్నదాంట్లో సగం ఈ చీలికలోకే పోయింది.

అక్కడ నిలబడే ఇంకో సంగతి బుర్రకెక్కింది. పట్టీ వదులుంటే, బకిల్ వెయ్యగానే సరిపోదు, పిల్లవాడు నిక్షేపంగా బయటికి జారిపోగలడు. మేమే ఇప్పుడు చేసి చూపించాం. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో చిటికె పట్టి చూడాలి, మడత చేతికి దొరికితే ఇంకా బిగించాలి అని ఎక్కడో చదివాను గానీ, అత్తయ్య "పిల్లాడికి ఒత్తుకుంటోంది" అంటే కాస్త వదులు చేసేదాన్ని. ఆ రోజు తిరిగి ఎక్కించేటప్పుడు వదులు చెయ్యమని ఆవిడ అనలేదు. చిటికె పట్టి చూసి, "ఇంకొంచెం లాగు" అన్నారు.

అప్పట్నుంచీ నెలకోసారి ఆ బకిల్ కడుగుతున్నాను. సీటు అడుగున ఉన్న లోహపు పలకని నిలువుగా తిప్పి చీలికలోంచి పైకి తోస్తే బకిల్ విడిగా వచ్చేస్తుంది, మొత్తం కలిపి పది నిమిషాల పని. మళ్ళీ పెట్టాక పలక అడ్డంగా తిరిగిందో లేదో గట్టిగా లాగి చూడాలి. బటన్ నొక్కడానికి చేతిలో పట్టుకునే చిన్న ప్లాస్టిక్ మీట ఒకటి దొరుకుతుంది, అత్తయ్యకి అది తెచ్చి ఇచ్చాను. ఇప్పుడు ఆవిడ తనే దింపుకుంటున్నారు. కాకపోతే ఆ మీట ఆవిడ సంచీలో ఉన్నప్పుడు సంచీ ఇంకో కారులో ఉంటుంది.

కొనాలా వద్దా అంటే, మీ ఇంటి సంగతి మీకే తెలుసు. సొంత కారు ఒకటే ఉండి, సీటు అందులోనే ఉండిపోయేట్టయితే, ఎక్కించి దింపేది ఇద్దరే అయితే, మళ్ళీ కొనమన్నా ఇదే కొంటాను. కార్లు మారుతూ ఉండేవాళ్ళు, తాతలూ నాన్నమ్మలూ ఒంటరిగా పిల్లల్ని తీసుకెళ్ళే ఇళ్ళవాళ్ళు కొట్లోనే వాళ్ళ చేత ఆ బటన్ నొక్కించి చూడండి. నేను చూడలేదు. మా వదిన నా మాట విని ఇదే కొనేసింది, వాళ్ళ అత్తగారికి వేళ్ళ నొప్పుల్లేవు కాబట్టి ఏ గొడవా లేదట.

మరిదికి పాప పుట్టింది, సీటు వాళ్ళకిచ్చెయ్యమని ఇంట్లో అంటున్నారు. ఒక్క దెబ్బా తగల్లేదు, చరిత్రంతా మాకు తెలిసిందే, ఇవ్వడానికి అభ్యంతరం లేదు. వాళ్ళ కారులో ఆ నేల అర సంగతి మాత్రం అలాగే ఉంది. పైగా ఇది 105 సెంటీమీటర్ల దాకా పనికొస్తుంది, మావాడు ఇప్పుడు 96 ఉన్నాడు.